పారిపోయినవాళ్ళ దారి

సెలవు రోజు కావడంతో కోటలో పనివాళ్ళెవరూ లేరు. ఆమె ముందు, మామగారు వెనక, నేలమాళిగలోకి మెట్లు దిగుతున్నారు. ఆయన ఒక చెయ్యి తడిగోడ మీద ఉంది. రెండో చేతిలో కాఫీ ఫ్లాస్కు.

ఎక్కడికి బయల్దేరినా ఆయన వెంట ఆ ఫ్లాస్కు ఉండాల్సిందే. "పాతాళానికి పోయినా మీకు కాఫీ కావాలి మావయ్యా" అంది. ఆయన నవ్వలేదు.

ఈ కోట మరమ్మతుల పని ఆమెకు అప్పగించారని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ సంబరపడ్డారు, మామగారు తప్ప. కూలే గోడల కింద ఆడపిల్లకు పనేమిటని గొణిగారు. ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదలు. పెళ్ళయ్యాక ఆమెను ఇంజనీరింగు చదివించిందే ఆయన. అసలా సంబంధం వెతుక్కుంటూ వచ్చింది కూడా ఆయనే. తండ్రి లేని పిల్ల, కుట్టుమిషను మీద ఇల్లు నడిపే తల్లి, వెనకా ముందూ ఏమీ లేదు. అయినా ఈ పిల్లే మా కోడలని పట్టుబట్టి కూర్చున్నారట. గోదాముల్లో సర్కారు ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి ఇంత మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తల్లి ముక్కున వేలేసుకునేది.

తండ్రి పోయాడని మాత్రం తల్లి ఎన్నడూ అనలేదు. పారిపోయాడనేది.

సైనికుల పాలన నడిచిన రోజుల్లో ఈ కోటే జైలు. ఎదురు మాట్లాడినవాళ్ళను తెచ్చి నేలమాళిగలో పడేసేవారు. ఒక వానాకాలంలో ఆ ఖైదీలంతా పాత సొరంగాన్ని తవ్వుకుంటూ ఏటి గట్టున తేలి, సరిహద్దు దాటిపోయారు. ఆ కథ బడి పుస్తకంలో ఉంది. కోట గుమ్మం పక్కన రాతిపలక మీదా ఉంది. దాన్ని చెప్పుకుని ఇప్పటికీ మీసం మెలేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు.

ఆ ఖైదీల్లో ఆమె తండ్రి ఒకడు. అప్పటికి ఆమె చంటిపిల్ల. దాటిపోయిన మనిషి ఒక్క కబురైనా పంపలేదని తల్లి కుమిలిపోయింది. అక్కడెవతెతోనో కాపురం పెట్టి ఉంటాడని నమ్మింది. అలా తిట్టుకుంటూనే కన్నుమూసింది.

కిందటి వారం సొరంగంలోని మట్టంతా తీయించిన నాటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఇంట్లో భోజనాల దగ్గర ఉండబట్టలేక చెప్పేసింది, ఆ కథ ఒట్టి అబద్ధమని. భర్త కొట్టిపారేశాడు. మామగారు భోజనం మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కున్నారు. తర్వాత ఆమె ఒక్కతే ఉన్నప్పుడు వచ్చి, వాళ్ళెక్కడో బతికే ఉన్నారనుకుంటే ఎవరికేం నష్టం, మానిన పుండు ఎందుకమ్మా కెలకడం అన్నారు. ఆమె వినలేదు. సోమవారం పైవాళ్ళకు చెప్పి తీరతానంది.

"అయితే ముందు నాకు చూపించు" అన్నారాయన.

ఇద్దరూ నేలమాళిగ దాటి సొరంగంలోకి వచ్చారు. పైనుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. ఆమె టోపీకున్న లైటు గోడల మీద పాకుతోంది. ఆయన ఊపిరి బరువుగా వినిపిస్తోంది. కష్టంగా ఉంటే పైకి వెళ్ళిపోదామని ఆమె అంటే తల అడ్డంగా ఊపారు.

కొంతదూరం పోయాక వెనకనుంచి అడిగారు.

"ఈ సంగతి ఇంకెవరికి చెప్పావు?"

"మీకూ, మీ అబ్బాయికీ. అంతే."

"పనివాళ్ళకి?"

"వాళ్ళకేం తెలుసు మావయ్యా. మట్టి మోశారు, వెళ్ళారు."

ఆయన ఊఁ అన్నారు. ఆ తర్వాత ఆయన అడుగులు ఇంకా నెమ్మదించాయి.

సొరంగం ఒక కొండరాతి దగ్గర ఆగిపోయింది. ఆమె సుత్తి తీసి కొట్టింది. ఖంగుమంది. అవతల ఖాళీ ఉంటే ఇలా మోగదని చెప్పింది. వెనకటి రాజులెవరో దారి తవ్వబోయి, ఈ రాయి అడ్డం తగలగానే మానుకున్నారు. ఇక్కణ్ణుంచి చీమ కూడా బయటపడే దారి లేదు.

రాతి మీద, మనిషి ఛాతీ ఎత్తున, వరసగా చిన్న చిన్న గుంటలున్నాయి. అవేమిటో ఆమె చెప్పలేదు. ఆయనా అడగలేదు.

"ఇంకా అనుమానమైతే చూడండి" అని లైటు ఆర్పేసింది. బయట పట్టపగలు. ఎక్కడ వెంట్రుకవాసి సందున్నా వెలుతురు కనబడాలి. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడలేదు.

ఆ చీకట్లో ఆమెకు తల్లి గుర్తొచ్చింది. ఎక్కడికీ పారిపోని మనిషిని ఒక జీవితమంతా తిట్టిన తల్లి. ఏడుపు మొహం పెద్దాయన కంట పడకూడదని లైటు వెయ్యలేదు. రాతికి నుదురు ఆనించి, చప్పుడు బయటికి రానీయకుండా ఏడ్చింది.

ఫ్లాస్కు నేలమీద పెట్టిన చప్పుడైంది. అడుగులు దగ్గరికొచ్చాయి. చెయ్యి ఒకటి గాల్లో తడుముకుంటూ వచ్చి ఆమె తలమీద ఆగింది.

"ఏడవకమ్మా... ఇదే రాతికి నిలబెట్టినప్పుడు మీ నాన్న ఏడవలేదు."