నాలుగో మూల

షాలిని అమ్మకానికి పెట్టిన బొంత కింద మళ్లీ ఒక ప్రశ్న వచ్చి పడింది.

"నాలుగో మూల ఫొటో లేదేమండీ?"

అడిగింది నల్లమల పులి. అసలు పేరేమిటో, ఏ ఊరో తెలియదు. ఆన్‌లైన్ వేలం సైటులో ఎవరు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఈ పులి ఇంతవరకు ఒక్క పాటా పాడలేదు. అడగడం మాత్రం మానలేదు.

"కొనే మనిషైతే ఇన్ని అడుగుతాదా? కావాలనే ఏడిపిస్తాండాది," అని షాలిని ఫోన్‌ను మంచమ్మీదికి విసిరేసింది. మెత్తగా పడేచోటు చూసుకునే విసిరింది.

కోపం రాక ఏం చేస్తుంది? నంద్యాలలో ప్రైవేటు బడి టీచరు ఉద్యోగం మానేసి, పాత చీరలతో బొంతలు కుట్టి అమ్ముతానని కూర్చుంది. ఆ మాట విన్న రోజున ఆళ్లగడ్డలో వాళ్లమ్మ ఆదెమ్మ, "బీఈడీ చదివిచ్చింది బొంతలు కుట్టేకా?" అని ఫోన్ పెట్టేసింది. అంతే, మళ్లీ మాట్లాడలేదు. నాయన ప్రభుదాసు ఫోన్లో ఉన్నంతసేపూ వెనక గిన్నెలు మాత్రం గట్టిగా మాట్లాడేవి. ఒక్క బొంతయినా మంచి ధరకు అమ్మి, అమ్మ చేత మాట్లాడించాలి. షాలినికి అదొక్కటే పట్టుదల.

వేలంపాట ఆమెకు కొత్తేమీ కాదు. ఆళ్లగడ్డ చర్చిలో ఏటా కోత పండుగకు గుమ్మడికాయలూ కోళ్లూ వేలం వేస్తారు. ప్రభుదాసు పాట పాడిస్తుంటే ఆడవాళ్లు కాయను తిప్పి తిప్పి చూసి వంకలు పెడతారు. ఆయన కాయను పైకెత్తి వంకవంకకూ జవాబు చెప్తాడు, ధర లేస్తుంది. దేవుడి సొమ్ము కాబట్టి సంఘపెద్ద మొదటి పాటే ఘనంగా పాడతాడు, కోడి ధర మేక ధరను దాటుతుంది.

షాలిని అదే లెక్కన బొంతకు మొదటి ధరే మూడు వేలు పెట్టింది. పేరు 'బొంత' అని పెట్టింది. ట్యూబులైటు కింద ఫొటో తీసింది. వేలం ఆదివారం పొద్దున ముగిసేలా పెట్టి తాను చర్చికి పోయింది. తిరిగొచ్చి చూస్తే ఈగ కూడా వాలలేదు.

రెండోసారి మొదటి ధరను రెండు వందలకు దించింది. అప్పుడే పులి దిగింది.

ఉత్త బొంత అంటే ఎట్లా, ఏ గుడ్డ అంది. షాలిని పళ్లు కొరుక్కుంటూ 'పాత నేత చీరల చేతికుట్టు బొంత' అని పేరు మార్చింది. పొడవెంత, వెడల్పెంత, ఉతికితే రంగు పోతుందా అంది. షాలిని టేపు పెట్టి కొలిచింది, మిగిలిన ముక్కలను బకెట్లో నానబెట్టి చూసింది, అంతా రాసింది. రంగులు సరిగ్గా కనపడటం లేదంది. మిద్దె మీద ఎండలో పరిచి ఫొటో తీసింది. పరిమాణం తెలుస్తుందని మొగుడు జీవన్ కుమార్‌ను బొంత కింద పడుకోబెట్టి ఇంకొకటి తీసింది. అతను నిజంగానే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని.

"అమ్మేది బొంతనా, మనిషినా?" అంది పులి.

జీవన్ కుమార్ అలిగి, తనకెంత పలుకుతుందో చూస్తే పోయేది కదా అన్నాడు. షాలిని ఆ ఫొటో తీసేసింది.

ఆమె అనుమానమంతా గాంధీ చౌక్‌లో దుప్పట్ల అంగడి పెట్టుకున్న భానుప్రియ మీద. తన బేరం పోతుందని చాటుగా ఈ పని చేస్తోందనుకుంది. కూరగాయలకు పోయినప్పుడు ఆ అంగడి ముందు నిలబడి గుర్రుగా చూసి వచ్చింది.

"కండ్లకలకనా షాలినీ? మా అంగడి పక్కనే డాక్టరుండాడు," అంది భానుప్రియ పాపం.

ఇంతలో బొంతను చూసేవాళ్లు పెరిగారు. పాట మెల్లగా వెయ్యి దాటింది. అక్కడే ఆగింది.

మిగిలింది నాలుగో మూల. అది కుట్టేటప్పుడు పిల్లి ఒళ్లోకి దూకింది, కుట్టు వంకర పోయింది. అందుకే షాలిని మూడు మూలలే ఫొటో తీసింది. పులి ఆ సంగతి నిన్న అడిగింది, పొద్దున అడిగింది, ఇప్పుడు మళ్లీ అడిగింది.

"నిజం చెప్పెయ్. పోతే పోతాది," అన్నాడు జీవన్ కుమార్. "దాచి అమ్మి తిట్లు తినేకన్నా మేలే గదా."

షాలిని ఏడుపు మొహంతో ఆ మూల ఫొటో పెట్టింది. 'ఇక్కడ పిల్లి దూకింది. కుట్టు వంకర పోయింది గానీ ఊడిపోదు' అని రాసింది. సాక్ష్యానికి పిల్లి ఫొటో కూడా పెట్టింది.

ఆదివారం సాయంత్రం పాట ముగిసే వేళకు బెంగళూరు ఆమె, విశాఖపట్నం ఆయన ఆ పిల్లి మూల కోసం పోటీ పడ్డారు. రెండు వేలయింది. నాలుగయింది. జీవన్ కుమార్ మంచమెక్కి నిలబడ్డాడు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఆర్పడానికి ఎవరూ కదల్లేదు. ఆరు వేలు దాటాక బొంత బెంగళూరు ఆమెది అయింది. మొగుడూ పెళ్లాలు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగారు. పిల్లి బీరువా ఎక్కింది.

ఆ సంతోషంలో షాలిని భానుప్రియను కూడా క్షమించేసింది. వెంటనే ఆళ్లగడ్డకు ఫోన్ చేసింది.

"నాయనా, బొంత అమ్ముడుపాయ. అమ్మకు చెప్పు. నాతో మాట్లాడకపోయినా ఏం కాదు, చెప్పు చాలు."

ఈసారి వెనక గిన్నెలు మోగలేదు. ఫోన్ చేతులు మారిన చప్పుడయింది.

"ఏమ్మే, ఆ నాలుగో మూల నేను అన్నితూర్లు అడక్కపోయింటే చూపిచ్చేదానివా నువ్వు?" అంది ఆదెమ్మ.