కొండ మీది ఫోన్

వాగు వంతెన దాటుతూనే సేత్ వాళ్ళన్న హెడ్లీ సైకిల్ మీద నుంచి పక్కకు ఒరిగిపోయాడు. గుండె పట్టుకున్నాడు. మొహం సున్నంలా పాలిపోయింది.

"ఇక్కడ నా ఫోన్‌కి సిగ్నల్ లేదురా సేత్. పైన ఊళ్ళో పబ్బుంది. పోయి అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి."

సేత్ ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. "నిన్నిలా వదిలేసి ఎలా పోను అన్నయ్యా?"

"నేనేం చావను గాని, పో! ఈసారైనా సైకిల్ దిగి నడవకుండా కొండెక్కు."

ఆ యార్క్‌షైర్ కొండను సేత్ ఏనాడూ సగానికి మించి తొక్కలేదు. ఆ రోజు సీటు మీద నుంచి లేచి తొక్కాడు. రాతిగోడకు మోచెయ్యి గీరుకుపోయింది. ఏడ్చాడు, దేవుణ్ణి తిట్టాడు, దిగలేదు.

పబ్బులో ఫోన్ అందుకుని అంబులెన్స్ నంబరు నొక్కాడు. "వంతెన దగ్గర... మా అన్న..."

"సేత్ గారా?" అంది అవతలి ఆవిడ. "పది నిమిషాల కిందట మీ అన్నగారే తన మొబైల్ నుంచి ఫోన్ చేశారు. అంబులెన్స్ కింది దారిలో వస్తోంది. మిమ్మల్ని పైనే ఉండమన్నారు. మీ నాన్న పోవడం చూసి మీరు ఏడాదిపాటు నిద్రపోలేదట. తను పోవడం కూడా చూడకూడదన్నారు."

సేత్ ఫోన్ వదిలేసి సైకిలెక్కాడు. కొండ దిగేదాకా బ్రేకు ముట్టుకోలేదు.

హెడ్లీకి ఇంకా స్పృహ ఉంది. "ఒక్కసారైనా నా మాట విన్నావురా?" అన్నాడు.

సేత్ అతని తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. సైరన్ వినిపించేసరికి, తన చేతిని పట్టుకున్న అన్న చెయ్యి మెల్లగా వదులైంది.

సేత్ కళ్ళు తిప్పుకోలేదు.