తొట్టిబండికి దిష్టి

"ఓయ్ తాతా! బండి మీద ఆ ముఖం పెట్టీసి ఏటి సూత్తన్నావు? దూరం జరుగు!"

బిర్సానగర్ టీకొట్టు ముందు అప్పలసూరి వేసిన కేకకు, ఇంజను పక్కన వంగిన ముసలాయన గొడుగు ఊతంగా పైకి లేచాడు.

"చప్పుడు వింటన్నాను బాబూ. జర్మనీ బండి కదా, పేణానికి హాయిగా ఉంది."

"వినడానికి ఇదేటి, హరికథా?"

ముసలాయన నొచ్చుకోలేదు.

"పక్క తొట్టిలో ఎవుర్ని ఎక్కించుకెల్తావు?"

"మా అమ్మని. కాలికి పుండు. ఆస్పత్రిలో కట్టు మార్పించాల. మానేత్తే కాలు తీసేత్తామన్నారు."

అంతా చెప్పేశాక అప్పలసూరి నాలిక కరుచుకున్నాడు. ఊరూ పేరూ తెలియని మనిషికి ఇంటి సంగతులు ఎందుకు?

అప్పలసూరి ఉత్తరాదికి వలస వచ్చి, ఉక్కు కార్ఖానాలో క్రేన్ ఆపరేటరుగా చేరినవాడు. మంచివాడే, కానీ కోపం ముక్కు మీద ఉంటుంది. అమ్మ మాటొస్తే ఇక ఒళ్ళే తెలియదు.

స్వదేశం వెళ్ళిపోతున్న ఓ దొర దగ్గర, పక్కన తొట్టి బిగించిన ఆ మోటార్ సైకిల్ కొన్నాడు. మోకాలు మడవలేని తల్లి సింహాచలమ్మ రిక్షా ఎక్కలేదు. ఈ తొట్టిలో మాత్రం కాళ్ళు బారజాపుకుని మహారాణిలా కూర్చునేది.

అబ్బ, ఏం బండి అది! వానలో నానినా ఒక్క తన్నుకే లేచేది. ఊళ్ళో ఇలాంటిది ఇంకోటి లేదని అప్పలసూరికి మహా గర్వం.

కానీ ఏ భాగమైనా పోయిందా, అంతే సంగతులు. కలకత్తాలో కూడా దొరకదు. సముద్రం దాటి రావాలి.

"దీని తిండి తక్కువే. మందులకే ఇల్లమ్ముకోవాల," అనేది పెళ్ళాం జానకి.

ముసలాయన వంగి వెళ్ళిన వారం తిరక్కుండా, ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో కాలిపోయింది.

అప్పలసూరి ఏటికవతల ఆదిత్యపూర్‌కి పరిగెత్తాడు. పాత ఇనుము కొట్టు ధర్మరాజు నవ్వుతూ గోనెలోంచి ఒక మాగ్నెటో తీశాడు. అచ్చం ఆ బండిదే!

"కిస్మత్ అంటే నీదే భాయ్. నిన్ననే వచ్చింది. పాతినుము తూకానికే తీసుకెల్లు."

"ఎవుడిచ్చాడు?"

"కబాడీ కొట్లో పాత సామానుకి గోత్రం అడక్కు."

కొన్నాళ్ళకు ముసలాయన మళ్ళీ టీకొట్టు దగ్గర కనపడ్డాడు. మళ్ళీ ఇంజను దగ్గర వంగాడు.

"క్లచ్చి గీరతంది బాబూ," అన్నాడు.

అన్నట్టే క్లచ్చి పోయింది. ధర్మరాజు దగ్గర క్లచ్చి ప్లేట్లు సిద్ధంగా ఉన్నాయి.

ఇంకేం, అప్పలసూరి తేల్చేశాడు. బండిని పడగొడుతున్నది ముసలాయన కన్ను. లేపుతున్నది అమ్మ మొక్కుకున్న దేవుడు. వెంటనే హ్యాండిల్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఊళ్ళో పనిముట్లకి పూజే గానీ పని ఉండదు. అప్పలసూరి బండిని కడిగి బొట్లు పెడుతుంటే, దారి అడుక్కుంటూ ముసలాయన ఇంటికే వచ్చేశాడు. చేతిలో బంతిపూల దండ.

"బండికేద్దామని తెచ్చాను బాబూ."

"నీ దండా వద్దు, నీ దిష్టి కన్నూ వద్దు! రేపు మా అమ్మ కాలు పోతే నువ్విత్తావేటి?"

"సూరీ! పెద్దోడ్రా!" అరుగు మీంచి సింహాచలమ్మ అరిచింది.

ముసలాయన అప్పలసూరి వైపు కాదు, ఎటో పక్కకి చూసి నవ్వాడు.

"మొన్న విన్నాను. గేర్లు మూలగతన్నాయి. అమ్మకి నయమయ్యీదాకా మెల్లగా తోలు బాబూ."

దండ పట్టుకుని, గొడుగు నేలకు తాటించుకుంటూ వెళ్ళిపోయాడు.

"అపశకునం కూసేశాడు!" అని అప్పలసూరి పళ్ళు కొరికాడు.

గేర్లు నిజంగానే బిగుసుకున్నాయి. ధర్మరాజు దగ్గర గేరు పెట్టె సిద్ధంగా ఉంది. అమ్మ కట్టు ఒక్కసారి కూడా ఆగలేదు.

చలి ముదిరే వేళకు డాక్టరు కట్టు విప్పేసి, ఇక రావక్కర్లేదన్నాడు. సింహాచలమ్మ తన కాళ్ళ మీద తానే నడిచి బయటికొచ్చింది. ఆ సంతోషం పట్టలేక ఇద్దరూ ఏడ్చేశారు.

"ఆ సామాన్లిచ్చిన మారాజెవుడో, ముందు ఆడికి దండం పెట్టాల. పద," అంది.

ఈసారి ధర్మరాజు నవ్వలేదు.

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు భాయ్. ఇంక దాచి ఏటి లాభం? పోయాడు. మీ బిర్సానగరే, చివరి వీధి. తవిటయ్య ఇల్లని అడుగు. కబురెట్టినప్పుడల్లా ఒక్కో ముక్కా నేనే వెళ్ళి ఆయన బండిలోంచి ఊడదీసి తెచ్చీవోణ్ణి."

ఆ పేరు అప్పలసూరి ఎప్పుడూ వినలేదు. తల్లిని తొట్టిలో ఎక్కించుకుని వెళ్ళాడు.

బండి ఇంటి ముందు ఆగకముందే లోపల్నుంచి ఒక ముసలామె పరుగున వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది.

"మా బండి చప్పుడే! ఆయనే వచ్చీసినారనుకున్నాను," అంది తవిటయ్య భార్య నూకాలమ్మ.

వసారాలో అచ్చం అలాంటిదే, భాగాలు ఊడదీసిన బండి ఉంది. దాని మీద ఎండిపోయిన బంతిపూల దండ. పక్కన మేకుకి గొడుగు.

అప్పలసూరి ఆ దండనీ గొడుగునీ గుర్తుపట్టాడు. నూకాలమ్మ కాళ్ళు పట్టుకున్నాడు.

"అమ్మా, నాను పాపిష్టోణ్ణి. ఆయన కన్ను పడితే బండికి దిష్టి తగులుతాదని తిట్టి తరిమేసినాను."

నూకాలమ్మ ముందుగా, తొట్టి దిగి వచ్చిన సింహాచలమ్మ కాలి మీది మచ్చని చేత్తో తడిమింది.

"మానిపోనాదా అమ్మా? ఎప్పుడూ అదే బెంగ ఆయనకి."

తర్వాత అప్పలసూరి తల మీద చెయ్యి వేసింది.

"కళ్ళుంటే కదా నాయినా దిష్టి తగలడానికి? చూపు పోయిందనే బండి తోలడం మానేసి, నీ బండి చప్పుడు ఇనడానికి అంత దూరం నడిచి వచ్చీవోరు."