ఇంటిపేర్ల పెట్టెలు

"నువ్వూ నీ తమ్ముడూ ఒక తల్లి బిడ్డలే కదా. గుర్తింపు కార్డుల మీద ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయేం?"

గల్ఫ్‌లోని మహూజ్‌లో, ఒక బిల్డింగు మూడో అంతస్తులో ఉండే ఇటలీ ముసలాయన తనకొచ్చిన హిందీలో అడిగాడు.

ఆయనకు అదే పిచ్చి. ఏడొందల ఏళ్ల కిందట ఇటలీలో ఏ ఇంటిపేరు ఎందుకు పుట్టిందో చీటీల మీద రాసి, అట్టపెట్టెల్లో దాచుకుంటాడు. పదహారేళ్ల కష్టం.

"మా వైపు ఫాబ్రి అంటే కమ్మరివాళ్లు. మరి మీదేంటి?"

బిల్డింగు ఊడ్చే ముత్యం నోరు జారాడు.

"మాది జంగిలి సాబ్. మా తమ్ముడు ముత్తన్నను ఏజెంటు వేరేటోని పాస్‌పోర్టు మీద పంపిండు. అందుకే వాని కార్డుల పేరు వేరున్నది."

ముసలాయన ఊరు కూడా అడిగి రాసుకున్నాడు.

పదో రోజున పోలీసులు కూలీలుండే క్యాంపుకొచ్చి ముత్తన్నను పట్టుకుపోయారు.

ఆ ముసలాయన తప్ప ఇంకెవడు చెప్తాడు? ముత్యం కడుపు రగిలిపోయింది.

"నా తమ్మున్ని జైలుపాలు జేసినవ్ గదా. నీ పేర్లన్ని మట్టిల గలుపుత," అని తనలో తానే పళ్లు కొరికాడు.

జైలుకెళ్తే తననూ పట్టుకుంటారని అటు పోలేదు. రెండు నెలలు ముసలాయనకు సలాం కొడుతూ ఓపిక పట్టాడు.

ఒక బుధవారం ఆయన బయటికెళ్లగానే, ఇల్లు ఊడ్చడానికి ఆయనే ఇచ్చిన తాళంచెవితో తలుపు తీశాడు. పద్నాలుగు పెట్టెలు. చెత్త బండి వచ్చే వేళ చూసుకుని మరీ పడేశాడు.

"నా పెట్టెలేవి?" అన్నాడు ముసలాయన, తిరిగొచ్చి.

"కచరా అనుకున్న సాబ్. బండి పోయింది. ఖలాస్."

ఆయన చెప్పుల్లేకుండా కిందికి ఉరికాడు. ఖాళీ చెత్తడబ్బాలో భుజాల దాకా చేతులు పెట్టి వెతికాడు. ముత్యాన్ని చూసి ఏదో చెప్పబోయి, తల దించుకున్నాడు.

ముత్యం కడుపు చల్లబడింది. ఆ ధైర్యంతోనే శుక్రవారం జైలుకెళ్లాడు.

"నిన్ను పట్టిచ్చినోనికి బుద్ధి చెప్పిన తమ్మీ."

"మా ఫోర్‌మన్‌కా? వాడే పట్టిచ్చిండని పోలీసులు చెప్పిన్రు."

"ఇటలీ సాబ్ గాదా?" అన్నాడు ముత్యం.

"ఇటలీ సాబ్ వారం వారం వస్తుండు అన్నా. ఈడ ఆదివారం గూడ కోర్టుంటది, ఎల్లుండే నా కేసున్నది. నా అసలు పేరు రుజువైతే ఇంటికి పంపుతరు, లేకుంటే జైలే. సాబ్ మన సర్పంచ్‌కు రాసి కాగితం తెప్పిచ్చిండు. పనైనంకనే నీకు చెప్పాలన్నడు."

"ఆ కాగితం... యాడున్నది?"

ముత్తన్న చాన్నాళ్లకు నవ్వాడు.

"ప్రాణం లెక్క చూసుకుంటడే ఆ పెట్టెలు, వాట్లనే మన ఇంటిపేరు చీటీ కింద భద్రంగ పెట్టిండంట."