గుర్రాలశాల పేరయ్య

పేరయ్య మళ్లీ కంచె దూకాడు.

"ఇంక లాభం లేదు. డాక్టరుగారికి కబురు పెట్టు. వీడికి విత్తులు కొట్టించేద్దాం" అన్నాడు శాల యజమాని, భార్యతో.

పేరయ్య ఓ పొట్టి గుర్రం. గడ్డి బండి లాగుతూ వచ్చి, బండివాడు వదిలేసి పోతే ఇక్కడే ఉండిపోయాడు. ఆడగుర్రం జతకు సిద్ధంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ముందు అతన్ని కంచె ఇవతల నిలబెడతారు. అది దగ్గరికొచ్చి మూతి చాచిందా, పేరయ్యను లాక్కెళ్లి మేలుజాతి మగగుర్రాన్ని తీసుకొస్తారు. సంబంధం కుదిర్చేది ఒకడు, పెళ్లికొడుకు మరొకడు. ఆ పేరు అందుకే పెట్టారు.

యజమానికి జీవితమంతా ఒకటే పిచ్చి. బరువులు లాగే జాతికి పందెపు జాతిని కలిపి, బలమూ నెమ్మదీ ఉన్న కొత్త జాతిని తీయాలి. ఇన్నాళ్లూ పుట్టినవన్నీ పుల్లల్లాంటి కాళ్లతో, ఆకు కదిలితే బెదిరిపోయేవి. ఈ ఏడు మాత్రం బంగారంలాంటి పిల్ల పుట్టింది.

మర్నాడు డాక్టరు పేరయ్య పని ముగించి, చేతులు తుడుచుకుంటూ ఆ పిల్లను వింతగా చూశాడు.

"ఇంత వెడల్పు ఛాతీ ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

"తండ్రి పోలిక."

"తండ్రిదీ తల్లిదీ సన్న ఛాతీయే కదా?"

"అయితే తాతదేమో."

"మరి ఈ గట్టి గిట్టలు?"

"ముత్తాతవి. మీరు మరీ ఆరా తీస్తున్నారు డాక్టరుగారూ. ఇలాంటివి ఇంకో నాలుగు పుడితే చాలు, నా జాతి నిలబడిపోతుంది."

భార్య పిల్లను దువ్వుతోంది. పుట్టు బొచ్చు కుచ్చులుగా రాలి, కింద అసలు రంగు బయటపడుతోంది.

"ఏవండీ, ఇటు రండి. ఇదేం చార?"

మెడ నుంచి తోక దాకా నల్లటి చార. తల్లికి లేదు. మేలుజాతి గుర్రానికీ లేదు. యజమాని వంగి, వేలితో రుద్ది చూశాడు. పోలేదు.

డాక్టరు చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"ఈ చార ఇందాకే చూశానండీ. మత్తిచ్చే ముందు వాడి ఒంటి మీద మట్టి కడిగించినప్పుడు."

"పోయినేడు కూడా దూకాడు కదండీ" అంది భార్య, చాలా మెల్లగా.

యజమాని శాల అవతలికి తిరిగి చూశాడు. ఇన్నేళ్లూ దేశాలన్నీ గాలించి వెతికింది తన పెరట్లోనే గడ్డి తింటోంది.

అవతల నీడలో ఆ కొత్త జాతి మూలపురుషుడు, మత్తు ఇంకా వదలక, తూలుతూ నిలబడి ఉన్నాడు.