ఇటుక మీద కొత్త సంఘం

లూథరన్ గుడి వెనక నీటిగుంటలో కప్పలన్నీ సాయంత్రం గంట కొట్టగానే కలిసి కీర్తన పాడేవి. ఆ గోలలో తన గొంతు ఎవరికీ వినబడడం లేదని బర్నబా అనే కప్పకి ఒళ్లు మండింది. గట్టు మీది ఇటుకెక్కి వేరే సంఘం పెట్టేశాడు. అధ్యక్షుడూ తనే, కార్యదర్శీ తనే, పాటగాడూ తనే.

మొదటి చరణం అయ్యేసరికి పక్క గడ్డిలోంచి పాము తలెత్తింది.

"అందరూ ఒక్కసారే పాడుతుంటే ఎవరెక్కడున్నారో తెలిసి చచ్చేది కాదు నాయనా. నీ పాట మాత్రం చక్కగా వినబడింది," అంది.

బర్నబా ఒక్క గెంతులో గుంటలో పడ్డాడు.

"ఏమైందిరా నీ సంఘం?" అని అడిగింది ఎస్తేరు పిన్ని.

"మీ సంఘంలో కలిపేశాను పిన్నీ. కాస్త జరుగు, నడుమకి వస్తాను."