రెండో భాగంలో దగ్గు

ఆమె మొగుడికి చెడ్డ అలవాట్లేమీ లేవు. ఒకటో రెండో ఉన్నా బాగుండేదని ఆమె అప్పుడప్పుడూ అనుకునేది. పేకాడే మొగుణ్ణి పేకలు దాచేసి దారికి తేవచ్చు. ఒకే కాన్చెర్టోని పదకొండుమంది వాయిస్తే పదకొండు రికార్డులూ కొని, వాళ్లలో ఎవరు గొప్పో తేలేదాకా అన్నానికి లేవని మొగుణ్ణి ఏం చేయాలో మాత్రం పుట్టింటివాళ్లు చెప్పి పంపలేదు.

కాన్చెర్టో అంటే మరేం కాదు. ఒక పియానో, దాని చుట్టూ ఎనభైమంది వాద్యగాళ్లు, ముప్పావుగంట వాదులాట. అదే పని ఇంట్లో ఇద్దరితోనే అయిపోతుంది.

ఆయన సర్వే ఆఫీసులో చేసి రిటైరయ్యారు. అన్నాళ్లూ భూములు కొలిచిన మనిషి ఇప్పుడు సంగీతం కొలుస్తున్నారు. ప్రతి ఆదివారం పదింటికి వాళ్ల ముందుగదిలో శ్రోతల సంఘం కూడుతుంది. ఆయనే ప్రెసిడెంటు. మిగతా సభ్యులు ముగ్గురు: పళ్ల డాక్టరు, కళ్లజోళ్ల షాపాయన, లెక్కల టీచరమ్మ. కాఫీలు, బిస్కెట్లు, ఆనక కప్పులు కడగడం ఆమె వంతు. ఆమె సభ్యురాలు కాదు. “నీకు చెవి లేదోయ్” అని ప్రెసిడెంటుగారు ఎప్పుడో తేల్చేశారు.

ఆయన పెత్తనానికంతటికీ మూలం గోడమీది ఫ్రేము. అందులో ఉన్నది ఒక టికెట్టు ముక్క. ముప్పయ్యేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, పేరుమోసిన ఓ ముసలి విద్వాంసుడు ఆ కాన్చెర్టో వాయించిన సాయంత్రం, రెండో వరసలో, తలమీద వేలాడుతున్న మైకుల కింద ఆయన కూర్చున్నారు. పక్క సీట్లో ఆమె కూడా కూర్చుందనుకోండి, ఆ టికెట్టుకి ఫ్రేము లేదు. ఆ కచేరీ గురించి ఎవరైనా అడిగితే ఆమె పెద్దగా ఏమీ చెప్పదు. కుడిభుజం తిమ్మిరెక్కిందని మాత్రం గుర్తు.

ఆ సాయంత్రాన్నే ఒక కంపెనీ రికార్డు చేసి అమ్మింది. అంతా అమృతమే. కాకపోతే రెండో భాగంలో, వాద్యాలన్నీ ఆగిపోయి పియానో ఒక్కటే గుసగుసలాడే చోట, ఎవరో ఖళ్లున దగ్గారు.

ఆ దగ్గు ఇప్పుడు ప్రెసిడెంటు కుర్చీకి ఎసరు పెట్టింది. ముసలాయన కచేరీ రికార్డు గొప్పదా, పళ్ల డాక్టరు తెచ్చిన స్టూడియో రికార్డు గొప్పదా అని ఈ ఆదివారం ఓటింగు. ఎవరి రికార్డు నెగ్గితే వాళ్లే ప్రెసిడెంటు. సంఘం కూడా వాళ్లింటికే మారుతుంది. ప్రెసిడెంటుగారికి వారం నుంచీ నిద్ర లేదు. ఆయనకి నిద్ర పట్టకపోవడం ఆమె చూడటం ఇదే మొదలు.

ముందు డాక్టరుగారి రికార్డు పెట్టారు. తళతళలాడింది.

“ముక్కలు ముక్కలుగా వాయించి అతికించారు,” పెదవి విరిచారు ప్రెసిడెంటుగారు. “అచ్చం కట్టుడుపళ్ల సెట్టు. మీకు నచ్చడంలో వింతేముంది?”

“కట్టుడుపళ్లు దగ్గవు కదండీ,” అన్నాడు డాక్టరు.

తరవాత ముసలాయన. గదిలో ఎవరూ కప్పు కూడా కదపలేదు. రెండో భాగం వచ్చింది. డాక్టరు వేలు పైకెత్తి సిద్ధంగా ఉంచాడు.

ఖళ్!

“అదిగో! ఆ ఒక్కటీ లేకపోతే నా ఓటు కూడా మీకే.”

ప్రెసిడెంటుగారి మొహం కందగడ్డలా అయింది. “వాడెవడో నాకు దొరకాలి! సంస్కారం లేని జన్మ! ఒక్క ఐదు నిమిషాలు గొంతు బిగపట్టుకోలేకపోయాడా? దగ్గుబిళ్ల చప్పరిస్తూ ఇంట్లో పడుండొచ్చుగా!”

గుమ్మంలో నిలబడ్డ ఆమె కాఫీలో చక్కెర అవసరానికి మించి కలిపింది.

“మీరు అక్కడే ఉన్నారు కదా సార్,” అంది టీచరమ్మ. “ఎటువైపునుంచి వచ్చిందో తెలీలేదా?”

“హాల్లో నాకది వినపడితేగా అమ్మా! కళ్లు మూసుకుని అంతగా లీనమైపోయాను. రికార్డు కొన్నాకే తెలిసింది, ఎవడో దగ్గాడని.”

“అదీ వినడమంటే!” అని కళ్లజోళ్ల షాపాయన తన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఓటు ప్రెసిడెంటుగారికి పడిపోయింది. టీచరమ్మ మాత్రం దగ్గుకి మార్కులు తగ్గించాల్సిందేనని డాక్టరు వైపు చేరింది. ఇటు రెండు, అటు రెండు.

“చెల్లెమ్మ ఉందిగా!” అన్నాడు డాక్టరు. “ఆ రోజు హాల్లో ఉన్న రెండో సాక్షి. ఆవిడ మాటే ఆఖరిమాట.”

ఆమెకి చెవి లేదన్న సంగతి ప్రెసిడెంటుగారు ఠక్కున మరిచిపోయారు. కుర్చీలోంచి లేచి మరీ ట్రే అందుకున్నారు. పెళ్లయ్యాక ఆయన ట్రే పట్టుకోవడం కూడా ఇదే మొదలు.

“చెప్పవోయ్, నీకు తెలీందేముంది? ఆ రోజు నేనెలా విన్నానో పక్కనుండి చూశావుగా. ఎవడో వెధవ దగ్గితే ముసలాయనకా శిక్ష? తప్పు ఆ దగ్గిన మనిషిదేనని వీళ్లకి నువ్వే చెప్పు.”

ఆమె చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. గోడమీది ఫ్రేముకేసి చూసింది. కడగాల్సిన కప్పుల్ని లెక్కపెట్టింది. ఇన్నాళ్ల ఆదివారాల్ని కూడా లెక్కపెట్టినట్టే ఉంది.

“తప్పు నాదేనండీ,” అంది, “ఆ రోజు అడ్డుపడి దగ్గకుండా, నా భుజమ్మీద మీరు మొదలుపెట్టిన గురకనే రికార్డుకెక్కనిచ్చి ఉండాల్సింది.”